కూలి ముందు, కానుక తర్వాత



ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. కడుపు కాలి వచ్చిన మనిషి ఒకడు, "అయ్యా, మీ ప్రభువుని నమ్ముకున్నాను, బాప్తిస్మం ఇవ్వండి" అని అడిగితే పాదిరి ఏం చేస్తాడు? సంతోషిస్తాడు. సంఘం పుస్తకంలో పేరు రాసుకుంటాడు. మరి అలా అడిగినవాళ్ళను, గుంపులు గుంపులుగా వచ్చినవాళ్ళను, ఇప్పుడు కాదని ఆపేసిన పాదిరి ఉన్నాడంటే నమ్ముతారా? ఉన్నాడు. మన పల్నాడుకు పక్క జిల్లాలోనే. ఒంగోలులో.

ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. అమెరికన్ బాప్టిస్టు మిషను ఆయన. 1866లో ఒంగోలు చేరాడు. మనవాళ్ళు క్లౌ దొర అన్నారు. పాదిరి కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు పని చేశాడు. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి.

1876లో వానలు ముఖం చాటేశాయి. మరుసటేడూ అంతే. మన పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పుకున్నది అదే. మద్రాసు రాజధాని ఎండిపోయింది. లక్షల ప్రాణాలు పోయాయి. కరువు వెనకే కలరా వచ్చింది. ఇలాంటప్పుడు ముందు పోయేది ఎవరు? రెక్కలు తప్ప ఇంకో ఆస్తి లేనివాళ్ళు. రైతు దగ్గర పని లేకపోతే వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలగదు.

ప్రభుత్వం కరువు పని కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ దొర వెళ్ళి ఆ కాలువలో కొంత భాగం తానే తవ్విస్తానని కంట్రాక్టు తీసుకున్నాడు. సర్వేయరు గదా, కొలతలు తెలుసు. తన దగ్గరున్న బోధకులనే పనిమీద పెట్టి మేస్త్రీలను చేశాడు. పలుగూ పారా గంపా ఇప్పించాడు. వచ్చినవాళ్ళకు పని ఇచ్చాడు. చేసిన పనికి కూలి ఇచ్చాడు. పని ఆగి జనం నడుం వాల్చినప్పుడు బోధకులు వాళ్ళ పక్కన కూర్చుని కష్టసుఖాలు మాట్లాడేవాళ్ళు. ప్రభువు మాట చెప్పేవాళ్ళు.

జనం మనసు తిరిగింది. బాప్తిస్మం అడిగారు. దొర ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకని? కూలి కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తేలాలి. తనకు తేలడం ఒక్కటే చాలదు, వచ్చినవాళ్ళకు కూడా తేలాలి. అన్నం పెట్టిన చేతిని కాదనలేక దేవుణ్ణి ఒప్పుకునే గతి ఏ మనిషికీ పట్టకూడదు గదా.

1878 వచ్చింది. కరువు సాయం ఆగిపోయింది. ఇక నా దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు, మీ ఊళ్ళకు మీరు పొండి అన్నాడు దొర. జనం పోలేదు. మాకు సాయం అక్కర్లేదన్నారు. చేతుల మీద బొబ్బలు చూపించారు. పని చేసే తిన్నాం, ఇకముందూ చేసుకునే తింటాం, మమ్మల్ని ప్రభువులో చేర్చుకోండి అన్నారు. అప్పుడు ఒప్పుకున్నాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

ఆ అంకెను అందరూ చెప్తారు. సభల్లో మరీ గట్టిగా చెప్తారు. నా మటుకు నాకు ఆ ఒక్కరోజు కన్నా అంతకుముందు పదిహేను నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. ఆ నెలల్లో దొర వాళ్ళకు ఇచ్చింది కూలి. చేసిన పనికి ఇవ్వాల్సిన డబ్బు. కూలి ముందు ఇచ్చాడు, బాప్తిస్మం తర్వాత ఇచ్చాడు.

ఈ పూట నేను చెప్పదలుచుకున్న మాట ఇదొక్కటే. మనిషికి ఇవ్వాల్సింది ముందు. దేవుడికి ఇచ్చే కానుక తర్వాత. మళ్ళీ చెప్తాను. ఇవ్వాల్సింది ముందు, కానుక తర్వాత.

నాది నడికుడి. హైదరాబాదు నుంచి గుంటూరు పోయే రైలు కృష్ణ దాటి పల్నాట్లోకి వచ్చాక తగిలే జంక్షను మాది. అక్కడ నుంచి ఒక దారి గుంటూరుకు, ఇంకో దారి మాచర్లకు పోతుంది. నేను పాస్టరును కాను. ఆదివారం గుడిలో వెనక వరసలో కూర్చునే మనిషిని. కాబట్టి ప్రసంగం చెయ్యను. మా ఊళ్ళ సంగతులు నాలుగు మీతో మాట్లాడతాను, అంతే.

మిరప కోతల కాలం తీసుకోండి. పల్నాట్లో మిరపకాయ కోసే చేతులు చాలా మటుకు ఆడవాళ్ళవి. ఊళ్ళో కూలీలు చాలరు. కర్నూలు వైపు నుంచి పిల్లాజెల్లాతో వలస వస్తారు. చేల పక్కనే గుడారాలు వేసుకుంటారు. ఘాటుకి కళ్ళు మండుతూ, చేతులు మండుతూ పొద్దంతా కోస్తారు. చంటిబిడ్డను ఎత్తుకోవాలన్నా ముందు చేతులు పదిసార్లు కడుక్కోవాలి. శనివారం వచ్చింది. కూలి డబ్బులివ్వాలి. రైతు ఏమంటాడు? "యార్డులో రేటు లేదమ్మా, వచ్చేవారం చూద్దాం." వచ్చేవారం వస్తుంది. మళ్ళీ అదే మాట.

తెల్లారితే ఆదివారం. ఆ రైతు మన సంఘంలో మనిషే అనుకుందాం. తెల్లచొక్కా వేసుకుని వస్తాడు. ముందు వరసలో కూర్చుంటాడు. కానుక పళ్ళెం వస్తుంది. ఐదువందల నోటు వేస్తాడు. అయ్యా, నేనడిగేది ఒక్కటే. ఆ ఐదువందలు ఎవరివి?

రైతు చెడ్డవాడని నేను అనడం లేదు. ఆయనకు రావాల్సిన డబ్బు గుంటూరు మిర్చి యార్డులో ఆగి ఉండొచ్చు. కమిషను వ్యాపారి తిప్పుతూ ఉండొచ్చు. పురుగుమందుల కొట్టులో బాకీ పేరుకుని ఉండొచ్చు. కౌలు రైతైతే ఆయన బాధ ఇంకా ఎక్కువ. పంట పోయినా కౌలు ఆగదు. అన్నీ నిజమే. కానీ ఆ వరసలో అందరికన్నా కింద నిలబడ్డది ఎవరు? గుడారంలో ఉన్న ఆ అమ్మ. తక్కినవాళ్ళు ఒక వారం ఓర్చుకోగలరు. ఆమె ఓర్చుకోలేదు.

ఇది నేను కల్పించిన మాట కాదు. మోషే ధర్మశాస్త్రంలో ద్వితీయోపదేశకాండం తీసి చూడండి. కూలివాడి కూలి ఆ రోజే ఇచ్చెయ్యమని ఉంది. పొద్దు వాలకముందే ఇమ్మని ఉంది. కారణం కూడా అక్కడే రాసి ఉంది. అతను బీదవాడు, అతని ప్రాణం దాని మీదే ఉందని. కొత్త నిబంధనకు వస్తే యాకోబు ఇంకా ఘాటుగా రాశాడు. పొలం కోసినవాళ్ళకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి కేకలు పెడుతుందట. ఆ కేక దేవుడి చెవిన పడుతుందట. మనం ఆదివారం ఎంత గట్టిగా పాడినా, ఆ కేక కూడా అదే చెవికి చేరుతోంది. గుర్తు పెట్టుకోండి.

ఇక ప్రభువు కొండమీద చెప్పిన మాట ఉంది. మత్తయి సువార్త ఐదో అధ్యాయం. మీరు కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చేశారు. అక్కడ గుర్తొచ్చింది, మీ సహోదరుడికి మీమీద ఏదో బాధ ఉందని. అప్పుడేం చెయ్యాలి? కానుక వేసేసి, తర్వాత చూసుకుందామని అనలేదు ప్రభువు. కానుక అక్కడే వదిలెయ్యమన్నాడు. ముందు వెళ్ళి సమాధానపడి రమ్మన్నాడు. తర్వాత వచ్చి కానుక ఇమ్మన్నాడు. చూశారా వరస! దేవుడు ఆగుతానంటున్నాడు. మనిషిని ఆపొద్దంటున్నాడు.

మన సంఘాలు కూడా ఈ మాట వినాలి. గుడి కడతాం. చందాలు వస్తాయి. మా చుట్టుపక్కల దొరికే నాపరాళ్ళు నేలంతా పరిపిస్తాం. ప్రతిష్ఠ రోజున దాతల పేర్లతో శిలాఫలకం పెడతాం. ఆ రాళ్ళు పరిచిన మేస్త్రికి బాకీ మాత్రం రెండేళ్ళు అలాగే ఉంటుంది. అడిగితే "దేవుడి పని గదా, కాస్త చూసుకో" అంటాం. దేవుడి పని అయితే ముందే ఇవ్వాలి. గుడి ఊడ్చే అమ్మకు నెలకు ఎంత ఇస్తున్నామో, అది సమయానికి ఇస్తున్నామో, సంఘ పెద్దలు ఒకసారి లెక్క చూసుకుంటే మంచిది.

కాటా సంగతి చెప్తాను. పత్తి అమ్మే రైతు, వ్యాపారి కాటాలో మోసం ఉందని మొత్తుకుంటాడు. తరుగు పేరుతో బస్తాకు ఇంత అని కోస్తారని ఏడుస్తాడు. న్యాయమే. అదే చేతులు రాత్రిపూట పత్తి మీద నీళ్ళు చల్లుతాయి, బరువు తూగాలని. అటు మోసం, ఇటు మోసం. మధ్యలో ఇద్దరూ ఒకే గుడిలో ఒకే పాట పాడుతుంటారు. ఒక్కోసారి నాకు నవ్వొస్తుంది, ఒక్కోసారి రాదు. తప్పుడు తూనిక దేవుడికి అసహ్యమని సామెతల గ్రంథంలో ఎన్నిసార్లు ఉందో చూడండి. బైబిల్లో మందిరం కొలతలే కాదు, కాటా కొలతలు కూడా ఉన్నాయి.

చిన్న సంగతి ఒకటి. నడికుడిలో రైలెక్కి మాచర్ల సభలకు టిక్కెట్టు లేకుండా పోయి, అక్కడ సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారు. సాక్ష్యం మంచిదే. టిక్కెట్టు కూడా కొనండి.

మా పక్కన పిడుగురాళ్ళ ఉంది. సున్నానికి పేరున్న ఊరు. అక్కడ సున్నపురాయిని బొగ్గుతో కలిపి బట్టీలో కాలుస్తారు. కాలి బయటికి వచ్చిన గడ్డలన్నీ తెల్లగానే ఉంటాయి. ఏది బాగా కాలిందో, ఏది లోపల పచ్చిగా మిగిలిందో కంటికి తెలియదు. నీళ్ళు పోసినప్పుడు తెలుస్తుంది. బాగా కాలిన గడ్డ సుర్రుమని పొంగి, పగిలి, మెత్తటి పిండి అవుతుంది. గోడకు పనికొస్తుంది. కాలని గడ్డ మీద ఎన్ని నీళ్ళు పోసినా రాయి రాయిగానే ఉంటుంది. దాన్ని ఏరి పక్కన పారేస్తారు. ఆదివారం మనమంతా తెల్లగానే ఉంటాం. నీళ్ళు పడేది మంగళవారమో బుధవారమో. ఇంటికి అప్పులవాడు వచ్చినప్పుడు. కూలి ఇవ్వాల్సినప్పుడు. కాటా మన చేతిలో ఉన్నప్పుడు. అప్పుడు మనం పిండి అవుతామా, రాయిగా మిగులుతామా?

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. వేదం బాగా చదువుకున్నవాళ్ళకు తప్పకుండా వస్తుంది. "రక్షణ కృప వల్ల గదా, క్రియల వల్ల కాదు గదా. మీరు బాకీలు తీర్చమంటున్నారు, కూలి ఇమ్మంటున్నారు. ఇది క్రియల మార్గం కాదా?" అంటారు.

మంచి ప్రశ్న. పల్నాట్లో అడగాల్సిన ప్రశ్న కూడా. ఎందుకంటే మాకు సువార్త మోసుకొచ్చింది లూథరన్లు. కృప వల్లనే రక్షణ అని గట్టిగా పట్టుకున్నవాళ్ళు. నడికుడిలో మాచర్ల రైలెక్కితే గురజాల వస్తుంది. 1849లో హయ్యర్ అనే పాదిరి ఆ గురజాలకు మకాం మార్చాడు. అంతకుముందు 1842 జులై 31న ఆయన గుంటూరులో అడుగుపెట్టాడు. కొన్నేళ్ళకు అమెరికా తిరిగి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఊరుకోలేదు. యాభై ఏళ్ళు దాటిన వయసులో బాల్టిమోరులో వైద్యం చదివాడు. డాక్టరై 1848లో మళ్ళీ వచ్చాడు. పల్నాడు అంటే అప్పట్లో జ్వరాల సీమ. కృప గురించి బోధించే మనిషికి వైద్యం ఎందుకు? ఎదుటివాడికి ఏది కావాలో అది తెలుసుకుని పట్టుకురావడం ఆయన పద్ధతి. 1869లో, డెబ్బై ఆరేళ్ళు దాటాక, ఓడెక్కి మూడోసారి వచ్చాడు. రాజమండ్రిలో మిషను పని నిలబెట్టి పోయాడు. కృప నమ్మినవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు.

ఆ ప్రశ్నకు జవాబు లూకా సువార్తలో జక్కయ్య దగ్గర ఉంది. జక్కయ్య సుంకరి. జనం దగ్గర ఎక్కువ గుంజినవాడు. ప్రభువు అతని ఇంటికి ఎప్పుడు వచ్చాడు? బాకీలు తీర్చాక వచ్చాడా? కాదు. ముందే వచ్చాడు. చెట్టుమీద ఉన్నవాణ్ణి పేరుపెట్టి పిలిచి, ఈరోజు మీ ఇంట్లో దిగుతానన్నాడు. అది కృప. ప్రభువు ఇంట్లో కూర్చున్నాక జక్కయ్య లేచి నిలబడ్డాడు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్ళకు నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. రక్షణ కొనుక్కోవడానికి కాదు ఆ డబ్బు. ప్రభువు ఇంట్లో ఉండగా ఆ డబ్బు పెట్టెలో ఉండటం అతనికి సహించలేదు. ఇంకో సంగతి గమనించారా? సగం బీదలకు ఇచ్చాను గదా, మోసపోయినవాళ్ళ లెక్క చెల్లు అనలేదు జక్కయ్య. దానం వేరు, బాకీ వేరు. దానం చేసి బాకీ ఎగ్గొట్టడం కుదరదని అతనికి తెలుసు.

మనకు మాత్రం ఆ తెలివి తక్కువ. ముఖ్యంగా ఇంట్లోవాళ్ళ దగ్గర. ప్రభువు కాలంలో కొందరు ఒక ఉపాయం కనిపెట్టారు. తల్లిదండ్రులకు పెట్టాల్సింది పెట్టకుండా, అది దేవుడికి అర్పించేశాం అని చెప్పేవాళ్ళు. ప్రభువు వాళ్ళను ఎంత గట్టిగా దులిపాడో మార్కు సువార్త ఏడో అధ్యాయంలో చదవండి. ఆ ఉపాయం ఇంకా చావలేదు. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు. దశమభాగం ఠంచనుగా కడతాడు. సువార్త సభలకు షామియానా ఖర్చు తనదే అంటాడు. ఊళ్ళో తల్లి బీపీ మాత్రలు రోజు మార్చి రోజు వేసుకుంటోంది, డబ్బాలో మాత్రలు ఎక్కువ రోజులు రావాలని. అమ్మ అడగదు. అడగదని తెలిసే కదా మనం ఇవ్వం. ఇవ్వాల్సింది ముందు, కానుక తర్వాత. ఇంటి దగ్గర మొదలుపెట్టాల్సిన వరస ఇది.

ఇవ్వాల్సింది అంటే డబ్బొక్కటే కాదు. ఇప్పుడు కాస్త కష్టమైన చోటికి వస్తున్నాం.

పల్నాడు అనగానే బయటివాళ్ళకు గుర్తొచ్చేది యుద్ధం. గురజాల నలగాముడు, మాచర్ల మలిదేవుడు. ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలే. కోడిపందేలతో ముదిరిన తగాదా కారంపూడి రణరంగంలో తేలింది. అవతలివాడి ముందు తగ్గితే పరువు పోతుందనే పంతం మా మట్టిలో ఇంకా ఉంది. గట్టు మీద జానెడు నేల కోసం అన్నదమ్ములు పదేళ్ళు మాట్లాడుకోరు. కోర్టు వాయిదాలకు పెట్టిన డబ్బుతో ఆ పొలం రెండుసార్లు కొనొచ్చు. ఇద్దరూ గుడికి వస్తారు. ఒకడు కుడివైపు, ఒకడు ఎడమవైపు. ప్రభువు కొండమీద చెప్పిన మాట సరిగ్గా వీళ్ళ గురించే. బలిపీఠం దగ్గర కానుక వదిలి వెళ్ళాల్సింది ఆ గట్టు దగ్గరికే. తప్పెవరిదని అడగలేదు ప్రభువు. నీమీద అవతలివాడికి బాధ ఉంటే నువ్వే వెళ్ళు అన్నాడు. అన్న ముందు వెళ్ళాలా, తమ్ముడు ముందు వెళ్ళాలా? ఈ మాట రేడియోలో ఎవరు వింటున్నారో వాళ్ళు.

అదే పల్నాట్లో ఇంకో కథ ఉంది. బ్రహ్మనాయుడి చాపకూడు. అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. పన్నెండో శతాబ్దంలో! మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్నాడు. ఏటా కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాల్లో చాపకూడు ఇప్పటికీ జరుగుతుంది. ఆ నేల మీద పుట్టిన క్రైస్తవులం మనం. మనకు ప్రభు బల్ల ఉంది. ఒకే రొట్టె, ఒకే పాత్ర. మరి బల్ల దగ్గర నుంచి లేచాక సంగతేమిటి?

ఏ కులానికి ఆ గుడి. గుడి ఒకటైతే బల్లలు వేరు. బల్లలు ఒకటైతే పెద్దల కమిటీలో పేర్లు ఏ వాడవో చూడండి. పెళ్ళి మాట వస్తే "మనవాళ్ళేనా?" అని అడుగుతాం. ఆ మాటకు రక్షణ పొందినవాళ్ళేనా అని అర్థం కాదని అందరికీ తెలుసు. శ్మశానం దగ్గర కూడా హద్దులు గీసుకున్న ఊళ్ళున్నాయి. వినుకొండ మన పల్నాడు జిల్లాదే. అక్కడ 1895లో పుట్టినవాడు గుర్రం జాషువా. క్రీస్తు చరిత్రను పద్యాల్లో రాస్తే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అంతటి కవి జీవితమంతా కులం చేతిలో అవమానాలు పడ్డాడు. ఆయన పేరు మన సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. ఆయనకు ఎదురైన చూపు మన కళ్ళల్లో ఉందో లేదో చూసుకోం.

క్లౌ దొర దగ్గరికి ఒకసారి వెనక్కి పోదాం. ఒంగోలు వచ్చిన కొత్తలో ఆయనకూ ఈ పరీక్ష ఎదురైంది. ఊళ్ళో పై కులాలవాళ్ళు కొందరు ఆయన మాట వింటున్నారు. ఇంతలో మాదిగలు వచ్చి సంఘంలో చేరతామన్నారు. వాళ్ళను చేర్చుకుంటే మేం రాం అన్నారు వీళ్ళు. ఏ పాదిరికైనా తల తిరిగే లెక్క ఇది. పై కులాలవాళ్ళు వస్తే పేరు, పలుకుబడి, బడికి పిల్లలు. ఏం చెయ్యాలో తెలియక దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో బైబిలు తెరిచారు. ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే భాగం కనబడింది. లోకం తక్కువగా చూసినవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం. దాంతో తేలిపోయింది. చేరతామని వచ్చిన మాదిగలనే చేర్చుకున్నారు. తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్యలాంటి మాదిగ పెద్దలు ఊరూరా నడిచి చెప్పబట్టే ఆ సంఘం పెరిగింది. గౌరవం కూడా ఇవ్వాల్సిన బాకీయే. అది కానుక పళ్ళెంలో వేసేది కాదు. గుమ్మంలో నిలబడ్డ మనిషికి మంచం వాల్చి ఇచ్చేది.

ఇంకో బాకీ ఉంది, చిన్నదే. తెల్లారి నాలుగున్నరకు మనం మైకు పెడతాం. పక్కింట్లో పదో తరగతి పిల్ల రాత్రి ఒంటిగంట దాకా చదివి పడుకుని ఉంటుంది. ఎదురింట్లో ముసలాయన ఆపరేషను అయి వచ్చి ఉంటాడు. వాళ్ళ నిద్ర వాళ్ళది. అది తీసుకునే హక్కు మనకు లేదు. తక్కినవాళ్ళు మైకు పెట్టడం లేదా అంటారేమో. వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. మైకు తగ్గించినంత మాత్రాన దేవుడికి మన ప్రార్థన వినబడకుండా పోదు.

వింటున్నవాళ్ళలో ఒకరైనా అనుకుంటూ ఉంటారు. "అయ్యా, మీరు చెప్పింది బాగానే ఉంది. నా చేతిలో పైసా లేదు. డ్వాక్రా వాయిదా కట్టడానికే తంటాలు పడుతున్నాను. బాకీలు ఎలా తీర్చను?" అని. మీకు చెప్పాల్సిన మాట వేరే. అప్పిచ్చినవాణ్ణి చూసి సందు మారిపోకండి. ఫోను మోగితే కట్టెయ్యకండి. ఎదురు వెళ్ళండి. "అన్నా, ఈ నెల కుదరలేదు, పంట రాగానే సగం ఇస్తాను" అని చెప్పండి. చెప్పినట్టు ఆ సగం ఇవ్వండి. చేతిలో డబ్బు లేనప్పుడు ఇవ్వగలిగింది నిజం. అదీ ఇవ్వకపోతే తప్పు. మీకే రావాల్సి ఉండి, మీ కూలే ఎవరో బిగబట్టి ఉంటే, అడగండి. సిగ్గుపడకండి. అడగడం విశ్వాసలోపం కాదు. మీ తరఫున నాలుగు మాటలు అడగాల్సిన పని సంఘ పెద్దలది.

మీరు క్రైస్తవులు కాకపోయినా ఇంతసేపు విన్నారంటే సంతోషం. మీ పొరుగున ఉన్న క్రైస్తవుణ్ణి కొలవాలంటే ఈ కొలతే వాడండి. వాడు ఎంతసేపు ప్రార్థన చేస్తాడో చూడక్కర్లేదు. మీకు ఇవ్వాల్సింది ఇచ్చాడా లేదా అదే చూడండి. మాకు మేలే జరుగుతుంది.

ఇక చెయ్యాల్సిన పని చెప్పి సెలవు తీసుకుంటాను. పెద్ద పనేం కాదు. రేపు శనివారం. సాయంత్రం దీపాలు పెట్టాక ఒక్క నిమిషం కూర్చోండి. ఒక్క పేరు తలుచుకోండి. పది పేర్లు వద్దు, అన్నీ ఒకేసారి తీర్చాలనుకుంటే ఏదీ తీరదు. మీ నుంచి ఏదో రావాలని ఎదురుచూస్తున్న ఒక్క మనిషి. కోతకు వచ్చిన కూలి కావచ్చు. మాత్రలు పొదుపు చేసుకుంటున్న అమ్మ కావచ్చు. గట్టు అవతల ఉన్న తమ్ముడు కావచ్చు. ఆ పేరు గుర్తుకు రాగానే చెప్పులు వేసుకుని వెళ్ళండి. ఇవ్వాల్సింది ఇచ్చి రండి. ఆదివారం కానుక కాస్త తగ్గినా పర్వాలేదు, పాస్టరుగారు అడిగితే నేను చెప్పానని చెప్పండి.